సవరణ: మోర్మన్లు ‘మిగతావాళ్లంతా నరకానికే’ అనరు

మోర్మన్ల (జోసెఫ్ స్మిత్ అమెరికాలో స్థాపించిన క్రైస్తవ శాఖ వాళ్ల) దృష్టిలో తమ చర్చిలో లేనివాళ్లందరికీ నరకమేనని నిన్నటి పోస్టులో రాశాం. అది తప్పు.

తమదొక్కటే ‘నిజమైన, సజీవమైన’ చర్చి అని వాళ్లు నమ్మే మాట నిజమే. దేవుడు చెప్పాడంటూ స్మిత్ వెలువరించిన 1831 నాటి ప్రకటనలో ఉంది. ఇతర చర్చిల బాప్తిస్మం వాళ్లకు చెల్లదు, చేరేవాళ్లు మళ్లీ తీసుకోవాల్సిందే. అయితే ఆ పట్టింపు సంస్కారాలు జరిపే అధికారం గురించి. నరకం గురించి కాదు.

స్మిత్‌కు కలిగిందని చెప్పే 1832 నాటి దర్శనం ప్రకారం పరలోక మహిమ మూడంతస్తులు, పైనుంచి కిందికి: సెలెస్టియల్, టెరెస్ట్రియల్, టెలెస్టియల్. బతికుండగా క్రీస్తు సువార్తను స్వీకరించని సజ్జనులకు రెండోది. అబద్ధీకులు, వ్యభిచారులు కూడా శిక్ష అనుభవించాక మూడోదానికి చేరతారు. శాశ్వత అంధకారం బహు కొద్దిమందికే.

మోర్మన్లు చనిపోయినవాళ్ల తరఫున కూడా బాప్తిస్మం ఇస్తారు. అలా ఇస్తే వాళ్లు మోర్మన్లైపోతారన్నదీ పొరపాటే. ఆలయంలో బతికున్న వ్యక్తి ఒకరు చనిపోయిన వ్యక్తి పేరు మీద నీళ్లలో మునుగుతారు, అంతే. ఒప్పుకోవడమా, కాదనడమా అన్నది ఆ ఆత్మ ఇష్టం. సభ్యుల లెక్కలో ఆ పేరు చేరదు. (నాజీల మారణహోమం హోలోకాస్ట్‌లో చనిపోయిన యూదుల పేర్లకూ ఇలా చేయడంపై పెద్ద గొడవే అయింది. 1995లో చర్చి ఆపుతామని ఒప్పుకుంది.)

మహమ్మదు, కన్ఫ్యూషియస్, సోక్రటీసులకు దేవుని వెలుగులో కొంత భాగం దక్కిందని 1978లో చర్చి అగ్రనాయకత్వమే ప్రకటించింది. ‘కొంత’ అన్న మాటను మాత్రం వదిలేయకండి.