జాతర వరకే ఒప్పుకున్న చీర

తిరుపతి గంగమ్మ జాతర చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. మే నెల ఎండలో తాతయ్యగుంట గుడి ముందు నిలబడ్డ మగవాళ్లలో చాలామంది చీరల్లో ఉంటారు. ఒక ఏడాది నేను వెళ్లినప్పుడు వరుసలో నా ముందు ఒకాయన ఉన్నాడు, నలభై ఏళ్లుంటాయి. మీసం తీయలేదు. ఎర్ర పట్టుచీర, విగ్గు జడలో మల్లెపూలు, చేతినిండా గాజులు. కుచ్చిళ్లు జారిపోతుంటే ఆయన భార్య పిన్నీసు పళ్ల మధ్య పట్టుకుని, నేలమీద కూర్చుని, ఒక్కో మడతా సర్దింది. "కదలొద్దబ్బా, గుచ్చుకుంటాది" అంది. పదేళ్ల కొడుకు ఫోన్లో నాన్నను ఫొటో తీశాడు. చుట్టూ ఉన్న వందల మందిలో ఒక్కరూ వింతగా చూడలేదు. మొక్కు తీర్చుకుంటున్నాడు, అంతే.

ఆ జాతర కథే వేషాల కథ. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటే, వాణ్ని బయటికి రప్పించడానికి ఆమె రోజుకో వేషం మార్చింది. చివరికి దొర వేషంలో, అంటే మగవాడిలా వెళ్లి వాడి తల తెంచింది. దేవత దొర అవుతుంది, భక్తుడు ఆడమనిషి అవుతాడు. ఆ వారం రోజులూ ఊరంతా దీన్ని ఒప్పుకుంటుంది.

ఎనిమిదో రోజున అదే మనిషి అదే చీర కట్టుకుని, మొక్కేమీ లేకుండా, కట్టుకోవాలనిపించి బస్టాండుకు వెళ్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు. చీర మారలేదు, మనిషీ మారలేదు. గడువు ముగిసింది. ఆడతనం, మగతనం గురించి మన సమాజం పెట్టుకున్న నియమాలన్నీ ఈ గడువు చుట్టూనే తిరుగుతాయని నా అభిప్రాయం. మగవాడు ఆడదానిలా కనిపించడం మనకు కొత్తేమీ కాదు, ఏవగింపూ కాదు. అనుమతి లేకుండా కనిపించడమే మనం సహించలేనిది.

నాకు ఈ సంగతి ఎనిమిదో తరగతిలోనే కళ్లెదుట జరిగింది. అర్థం కావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. మా బడి వార్షికోత్సవానికి సత్యభామ వేషం కావాల్సి వచ్చింది. రాత్రిపూట స్టేజీ ఎక్కడానికి ఆడపిల్లలను ఇళ్లలో పంపరు. అందుకని మా క్లాసులోనే ఒక అబ్బాయిని ఎంచుకున్నారు. వాడి చేతులు మాట్లాడేటప్పుడు గాల్లో తేలేవి, నడకలో ఒక ఊపు ఉండేది. టీచర్లే చీర కట్టారు, కాటుక పెట్టారు. వాడు కోపంతో జడ విసిరి వెనక్కి తిరిగి చూసిన చూపుకి ఊరి పెద్దలు చప్పట్లు కొట్టారు. స్టీలు టిఫిన్ బాక్సు బహుమతి ఇచ్చారు. సోమవారం డ్రిల్లు పీరియడ్‌లో డ్రిల్లు మాస్టారు వాణ్నొక్కణ్నే గ్రౌండు చుట్టూ నడిపించాడు. నడుము కదిలినప్పుడల్లా పిక్కల మీద బెత్తంతో ఒకటి. "మగాడిలా నడువ్‌రా." రెండు రౌండ్లు. మేమంతా నవ్వాం, నేను కూడా. శుక్రవారం రాత్రి బహుమతి తెచ్చిన నడకే సోమవారం పొద్దున దెబ్బలు తెచ్చింది.

ఆ డ్రిల్లు మాస్టారు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. తెలుగు రంగస్థలం, తెలుగు వీధి వందేళ్లుగా చేస్తున్న పనినే ఆయన మా గ్రౌండులో చేశాడు.

1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషం కట్టాల్సిన మనిషి రాకపోతే ఒక కుర్రాడు ఆ వేషం కట్టాడు. ఆయనే స్థానం నరసింహారావు. తర్వాత చింతామణి, రోషనార, మధురవాణి, అన్నిటినీ మించి సత్యభామ. ఆ స్త్రీ పాత్రలే ఆయనకు 1956లో పద్మశ్రీ తెచ్చాయి. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మది ఇంకో శిఖరం. భామాకలాపంలో సత్యభామ ముఖం ముందు కనపడదు, తెర మీదుగా జడ వచ్చి వాలుతుంది. ఆ జడ ఒక సవాలు, నాతో వాదించి నెగ్గగలవాళ్లెవరో రండి అని. ఆ జడ వెనుక ఉన్నది మగవాడని తెలిసి కూడా ప్రేక్షకులు మరిచిపోయేవారు. ఆయనకు 1961లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1970లో పద్మశ్రీ దక్కాయి. కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది, భామాకలాపం రాసిన సిద్ధేంద్రయోగి పేరు మీద వస్తున్న ఆనవాయితీ. ఆడదానిలా నడవడం, అలగడం, సిగ్గుపడడం అక్కడ ఒక మగవాడి విద్య.

ఇప్పుడు అదే కాలంలో హైదరాబాదు వైపు చూడండి. నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే సరిగ్గా 1919-20 ప్రాంతంలో, హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. నేరాలు చేస్తారని అనుమానం ఉన్న హిజ్రాల పేర్లతో రిజిస్టరు పెట్టాలన్నారు. ఆ రిజిస్టరులోకి పేరెక్కిన మనిషి ఆడవాళ్ల బట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనిపిస్తే చాలు, పాడినా ఆడినా చాలు, వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. శిక్ష రెండేళ్ల దాకా జైలు. 1871లో ఆంగ్లేయులు తెచ్చిన, హిజ్రాలకు కూడా ఇలాగే రిజిస్టరు పెట్టిన నేరస్థ తెగల చట్టానికి ఇది తమ్ముడిలాంటిది. బాపట్ల మద్రాసు ప్రెసిడెన్సీలోది, హైదరాబాదు నిజాముది, పాలన వేరు. అయినా ఒకే భాష మాట్లాడే నేల మీద, దాదాపు ఒకే ఏడాదిలో, ఒకరికి చీర కళ అయింది, మరొకరికి చీర నేరమైంది. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది 2023 జులైలో. నిజాం పోయాడు, రాష్ట్రాలు కలిశాయి, విడిపోయాయి. ఆ చట్టం మాత్రం నూరేళ్లు దాటి బతికింది.

ఇంత చెప్పాక, స్త్రీవేషం కట్టిన మగవాళ్లను గౌరవించాం కాబట్టి మన సంస్కృతి విశాలమైనదని కొందరు అంటారు. ఆ మాట నేను ఒప్పుకోలేను. మగవాడు సత్యభామ కావడానికి అసలు కారణం ఆడవాళ్లను తెర ముందుకి రానివ్వకపోవడం. గోదావరి, కృష్ణా తీరాల్లో దేవదాసీ సంప్రదాయానికి చెందిన కళావంతుల స్త్రీలు అదే భామాకలాపాన్ని తమ పద్ధతిలో ఆడేవాళ్లు. వాళ్ల విద్యకు నింద వచ్చింది. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ వ్యవస్థను నిషేధించింది. ఆ వ్యవస్థలో దోపిడీ ఉంది, నిషేధం అవసరమే. కానీ దానితోపాటు ఆ స్త్రీల ఆట కూడా ఇళ్లలోకి, మౌనంలోకి వెళ్లిపోయింది. బ్రాహ్మణ పురుషుడు ఆడితే శాస్త్రీయ నృత్యం, కళావంతుల స్త్రీ ఆడితే భోగం మేళం. స్త్రీలా నటించడానికి గౌరవం, స్త్రీగా ఆడడానికి నింద. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి లాంటి గురువులు ఆడపిల్లలకు నేర్పడానికి పూనుకోవడం, 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో అకాడమీ పెట్టడం తర్వాతి కథ. ఈరోజు కూచిపూడి అంటే అమ్మాయిల నాట్యమే అనుకునే తరం వచ్చింది. అబ్బాయి నేర్చుకుంటానంటే ఇంట్లో మొహాలు మారుతున్నాయి. అప్పుడు ఆడవాళ్లకు తలుపు మూశారు, ఇప్పుడు మగపిల్లలకు మూస్తున్నారు.

ఎందుకింత భయం? జవాబు మన తిట్లలో ఉంది. పని చేయని అధికారికి నిరసనగా ఏం పంపుతారు? చీర, రవిక, పసుపు కుంకుమ, డజను గాజులు. ఎదుటివాణ్ని పిరికివాడనాలంటే "గాజులు తొడుక్కో" అంటాం. ఆ మాట అనే నాయకుడి ఇంట్లో భార్యకు, కూతుళ్లకు గాజులున్నాయి. ఓటేసిన వాళ్లలో సగం మంది చేతులకున్నాయి. ఒక మనిషిని కించపరచడానికి ఆడతనమంత తేలికైన వస్తువు మనకు ఇంకోటి దొరకలేదు. మగపిల్లవాడు ఆడదానిలా నడిస్తే మనకు కోపం వచ్చేది అందుకే, వాడు పై మెట్టు మీద పుట్టి కింది మెట్టు మీదకి దిగుతున్నాడని. ఆడంగి, పేడి అన్న మాటలు ఆ అబ్బాయినొక్కణ్నే కొట్టవు. పక్కన నిలబడ్డ అతని అక్కను కూడా కొడతాయి. ఈ రెండు అవమానాలనూ విడదీసి చూస్తే రెండూ అర్థం కావు.

ఆడపిల్లకు లెక్క కొంచెం మారుతుంది. ప్యాంటు చొక్కా వేసి గోడలెక్కే పిల్లను "మగరాయుడు" అని మురిపెంగానే పిలుస్తారు. పై మెట్టు ఎక్కుతోంది కదా, తప్పు కాదు. పన్నెండు, పదమూడేళ్లు వచ్చి పెద్దమనిషి అయిందంటే చాలు, ఓణీల ఫంక్షన్ మర్నాటి నుంచి ఆ మురిపెం ఉండదు. సైకిల్ తమ్ముడిదవుతుంది. జుట్టు కత్తిరించుకుంటానంటే అమ్మమ్మ ఏడుస్తుంది. ఇక్కడా గడువే. కాకతీయ రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగ పేరుతో ఉంటుంది. సింహాసనం మీద కూర్చోవాలంటే ఆ పేరు తప్పనిసరైంది. రాజ్యం చేయగలిగింది కానీ, రాణి అన్న పేరుతో చేయనివ్వలేదు.

ఇదంతా పడమటి గాలి, విదేశీ ఫ్యాషన్ అనేవాళ్లకు ఒక్క మాట. తిక్కన భారతాన్ని అందుకున్నదే విరాటపర్వంతో. అందులో అర్జునుడు ఏడాదిపాటు బృహన్నల, విరాటుడి కూతురికి నాట్యం నేర్పే గురువు. వానలు పడకపోతే పల్లెల్లో చదివించేది ఆ పర్వాన్నే. తిరుమల బ్రహ్మోత్సవాల్లో అయిదో రోజు పొద్దున స్వామి మోహినిగా పల్లకీ ఎక్కుతాడు. కాబట్టి ఇది ఎక్కడి నుంచో దిగుమతైంది కాదు. అయితే బృహన్నలకూ ఒక ఏడాదే గడువు, అజ్ఞాతవాసం అయ్యేదాకా. తర్వాత గాండీవం పట్టాల్సిందే. పురాణం కూడా ఆ షరతు వదల్లేదు. గడువు లేకుండా అలాగే బతకాలనుకునే మనిషి కథ మనం పెద్దగా రాసుకోలేదు.

ఆ మనిషికి చోటిచ్చింది 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయసేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. తాను ఎవరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనంది. అంతేకాదు, బట్టలు, మాట, నడత ద్వారా తన జెండర్‌ను చూపించుకోవడం 19(1)(ఏ) అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో భాగమంది. ఈ రెండో మాట గురించి మనం చాలా తక్కువ మాట్లాడుకుంటాం. ఒక మనిషి లోపల తాను ఎవరని అనుకుంటుందో అది ఒకటి, బయటికి ఎలా కనిపిస్తుందో అది ఇంకొకటి. మా క్లాసులోని అబ్బాయి తాను అమ్మాయినని ఎప్పుడూ అనలేదు. వాడు అబ్బాయే. వాడి చేతులు అలా తేలతాయి, అంతే. చెవికి పోగు పెట్టుకున్న ప్రతివాణ్నీ, జుట్టు కత్తిరించుకున్న ప్రతి అమ్మాయినీ "ఇంతకీ నువ్వెవరు" అని నిలదీయడం కూడా ఒక దౌర్జన్యమే. జవాబు చెప్పాల్సిన బాధ్యత వాళ్ల మీద లేదు.

2024 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు 39 మంది ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. సిగ్నల్ దగ్గర చేయి చాచినప్పుడు కారు అద్దం ఎత్తేసుకున్నవాళ్లే, ఇప్పుడు ఆ చేయి ఆగమంటే బ్రేకు వేస్తారు. ఇది మంచి అడుగు, మనస్ఫూర్తిగా చెబుతున్నా. కానీ యూనిఫాం కూడా ఒక అనుమతే. డ్యూటీ దిగి మామూలు చీరలో అద్దె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లినప్పుడు ఓనరు ఏమంటాడన్నదే అసలు లెక్క.

దీని బరువు "మామూలు మగవాళ్ల" మీద కూడా ఉంది, వాళ్లు ఒప్పుకోకపోయినా. నాకు తెలిసిన ఇంట్లో భర్త రోజూ వంట చేస్తాడు, బాగా చేస్తాడు. చుట్టాలు గేటు తీసిన చప్పుడు వినగానే గరిటె భార్య చేతిలో పెట్టి హాల్లోకి వచ్చి పేపరు పట్టుకుంటాడు. బట్టలు చీకటి పడ్డాకే మేడ మీదకి తీసుకెళ్లి ఆరేస్తాడు. ఎవరూ ఆయన్ని కొట్టలేదు. చిన్నప్పుడు ఎక్కడో ఇంకొకణ్ని గ్రౌండు చుట్టూ నడిపించడం చూసుంటాడు. నవ్విన మాకు కూడా పాఠం వంటబట్టింది. ఆ తర్వాత ఏడాదంతా మేమందరం కొంచెం బిగుసుకునే నడిచాం.

సత్యభామ వేషం కట్టిన మా క్లాసువాడు ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. రెండు చెవులకూ చిన్న వెండి పోగులు, భుజాల దాకా జుట్టు. ఆఫీసులో ఎవరూ ఏమీ అనరట. కిందటి సంక్రాంతికి ఇద్దరం ఒకే బస్సులో ఊరికి వెళ్లాం. దారంతా చేతులు తిప్పుతూ కబుర్లు చెప్పాడు. ఊరు ఇంకో పది నిమిషాలుందనగా మాట ఆపి, పోగులు రెండూ తీసి చిన్న డబ్బాలో వేసి జేబులో పెట్టుకున్నాడు. జుట్టు ముడి చుట్టి దాని మీద టోపీ పెట్టాడు. బస్సు ఆగాక ముందు వాడు దిగాడు, వెనక నేను. చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని నడుస్తున్నాడు, ఊపు లేకుండా, తిన్నగా, డ్రిల్లు మాస్టారు నేర్పినట్టే.