సవరణ: ఎం42 టెలిఫోటో లెన్స్ ఏ కెమెరాకి సరిపోతుంది?

కోరింగ మడ అడవుల్లో పిట్టల ఫొటోలకి చవకైన పాత లెన్స్‌ల గురించి రాసిన పోస్టులో "ఎం42 లెన్స్‌కి అడాప్టర్ వేస్తే ఏ కెమెరాకైనా సరిపోతుంది" అని ఉంది. ఎం42 అంటే 42 మి.మీ. మరతో బిగించే పాత రకం లెన్స్ బిగింపు. బిగించడం వరకే అది నిజం.

లెన్స్ అంచు నుంచి సెన్సర్‌కి ఉండాల్సిన దూరం ఎం42లో 45.46 మి.మీ. కెనాన్ ఈఎఫ్ బిగింపులో ఆ దూరం 44, సోనీ ఈ-మౌంట్‌లో 18. ఈ రెండింటిలో మిగిలిన ఖాళీని అడాప్టరే నింపుతుంది. నికాన్ డీఎస్ఎల్ఆర్‌ల ఎఫ్ బిగింపులో 46.5 ఉంటుంది కాబట్టి అడాప్టర్ లెక్కలోకి రాకముందే లెన్స్ ఉండాల్సిన దానికంటే దూరం జరిగిపోయి ఉంటుంది. అడాప్టర్ మందం ఇంకో మిల్లీమీటరు అనుకుంటే, 135 మి.మీ. ఫోకల్ లెంగ్త్ లెన్స్ సుమారు 9 మీటర్లు దాటి ఫోకస్ కాదు. పాయ అవతలి ఒడ్డున కొంగ మసకే. గాజు ఉన్న అడాప్టర్‌తో దూరం కుదురుతుంది గానీ నాణ్యత పడిపోతుంది, డబ్బు దండగ. నికాన్ డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్లు పాత నికాన్ లెన్సే చూసుకోండి.

"ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) కదలడం లేదు" అన్నవాళ్లకి: లెన్స్ మీద ఏ/ఎం (ఆటో/మాన్యువల్) మీట ఉంటే ఎం వైపు తిప్పండి. లేకపోతే వెనకున్న పిన్నుని నొక్కి ఉంచే అంచు గల అడాప్టర్ కావాలి. పాత సోవియట్ లెన్స్ జూపిటర్-37ఏకి ఈ బాధ లేదు, అది ప్రీసెట్ రకం, అంటే ఎపర్చర్‌ని చేత్తోనే రింగు తిప్పి మార్చేది.

కొనేముందు ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనకనుంచి టార్చ్ వేసి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే ఫంగస్. మన కోనసీమ తేమలో అది తగ్గదు, పెరుగుతుంది. ధర తగ్గించినా వద్దు.