తీసుకున్నది కోట్లయితే పడాల్సింది తిట్లా?

ఫుట్‌బాల్ పెద్దగా చూడని మా తిరుపతి గ్రూపుల్లో కూడా ఒక ఫార్వర్డు తెగ తిరుగుతోంది. అపార్ట్‌మెంట్ గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు, ఆఖరికి యూనివర్సిటీ గ్రౌండులో పొద్దున్నే నడిచేవాళ్ళ గ్రూపు, ఎందులో చూసినా అదే. సారాంశం ఇది: బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు నేమార్ ఒక్క సంతకానికి 1,600 కోట్లు తీసుకున్నాడు. పదేళ్ళు బంతి తన్నితే ఏడు తరాలు కూర్చుని తినొచ్చు. ఈ కాలం ఆటగాళ్ళకు క్లబ్బు మీద ప్రేమ లేదు, డబ్బెక్కడుంటే అక్కడికే పరుగు. ఆ డబ్బేదో మన రైతుకిస్తే బాగుపడతాడు. అంత తీసుకునేవాడు జనం ఏమన్నా పడాలి, తిట్లు కూడా జీతంలో భాగమే. చివర రెండు చేతులు జోడించిన బొమ్మ, 'నిజమనిపిస్తే పది మందికి పంపండి' అని.

నిజమనిపించేలాగే ఉంది, దాంతోనే వచ్చింది చిక్కు.

ముందు ఆ 1,600 కోట్ల సంగతి. 2017 ఆగస్టులో నేమార్ బార్సిలోనా నుంచి పారిస్ క్లబ్బు పీఎస్‌జీకి మారినప్పుడు చేతులు మారిన మొత్తం 22 కోట్ల 20 లక్షల యూరోలు. అప్పటి రేటు ప్రకారం అంకె దాదాపు సరైనదే. అయితే ఆ సొమ్ము నేమార్ ఇంటికి పోలేదు. ఒప్పందం ముగియకముందే ఆటగాడు వెళ్ళిపోతున్నందుకు బార్సిలోనాకు ముట్టిన పరిహారం అది. స్పెయిన్ పద్ధతిలో దాన్ని ఆటగాడి తరఫునే కట్టాలి కాబట్టి అతని లాయర్లు క్లబ్బు ఆఫీసుకెళ్ళి అప్పజెప్పి వచ్చారు. తిరుపతి వాళ్ళకు ఇది విడమరిచి చెప్పాలా? శ్రీవారి హుండీ సొమ్ము లెక్కించే పరకామణిలో కూర్చున్నవాడి చేతుల మీదుగా ఎన్ని కోట్లు పోయినా కట్టుకున్న పంచెకు జేబుండదు. (జీతం రూపంలో నేమార్‌కు బాగానే ముట్టింది, కాదనను. అది వేరే పద్దు.) ఇలాంటి అంతర్జాతీయ బదిలీల్లో 5 శాతం సొమ్మును, ఆ కుర్రాడికి 12 నుంచి 23 ఏళ్ళ మధ్య ఆట నేర్పిన క్లబ్బులకు పంచాలని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నియమం కూడా ఉంది. ఇక ఇచ్చిందెవరంటే, పీఎస్‌జీని 2011లో చేజిక్కించుకున్నది ఖతార్ ప్రభుత్వ సొమ్ముతో నడిచే పెట్టుబడి సంస్థ. ఒక దేశానికి పరాయి ఊళ్ళో ఫుట్‌బాల్ జట్టెందుకు అని అడిగితే ఆ ప్రశ్నకు అర్థముంది. ఫార్వర్డు రాసినాయనకు అది తట్టలేదు.

ఏడు తరాల మాటకొస్తే యూరప్ దాకా ఎందుకు, హైదరాబాద్ ఎఫ్‌సీని చూడండి. 2019లో పుట్టింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి, మన దేశపు పెద్ద ఫుట్‌బాల్ లీగు ఐఎస్ఎల్ కప్పు ఎత్తింది. మనోళ్ళు కొట్టారని ఇక్కడా స్టేటస్‌లు పెట్టుకున్నాం. ఇంకో రెండేళ్ళకు, 2023-24 సీజన్లో, జీతాలందక విదేశీ ఆటగాళ్ళు, పేరున్న మనవాళ్ళు ఒక్కొక్కరే సర్దుకుని వెళ్ళిపోయారు. పాత ఆటగాళ్ళ బకాయిల కేసుల్లో, కొత్తవాళ్ళను చేర్చుకోకుండా క్లబ్బు మీద ఫిఫా నిషేధం పెట్టింది. మిగిలిన కుర్రాళ్ళే ఆడి 22 మ్యాచుల్లో ఒక్కటి గెలిచారు. పట్టికలో అట్టడుగు. పట్టిక చూసి నవ్వడం తేలిక. జీతం ఎప్పుడొస్తుందో తెలియని నెలలో పెద్ద క్లబ్బు ముందు తొంభై నిమిషాలు పరిగెత్తాలంటే ఎంత గుండె కావాలి! తర్వాత యాజమాన్యం మారింది, 2025లో జట్టే ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది. అదే ఏడాది ఐఎస్ఎల్ జరుగుతుందో లేదో తేలక కొన్ని పెద్ద క్లబ్బులు జీతాలు ఆపేశాయి. దేశంలో అందరికన్నా పైమెట్టు మీద ఉన్నవాళ్ళ గతే ఇది. మన జిల్లాలో యూనివర్సిటీ జట్టుకు ఆడే కుర్రాడిని అడగండి, వాడి కలలో నేమార్ ఉండడు. స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం ఉంటుంది.

పోనీ పాతకాలం నయమా? సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్న భారత ఫుట్‌బాల్ జట్టులో ఉన్నాడు, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. మరుసటి ఏడే ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆట ఆపేయాల్సొచ్చింది. అప్పటికి నిండా ముప్పై కూడా లేవు. ఒక తరమైనా కూర్చుని తినేంత డబ్బు ఆ రోజుల్లో ఈ ఆటలో ఎవరిచ్చారు?

క్లబ్బు మీద ప్రేమ అనే ముక్క అన్నింటికన్నా అన్యాయమైనది. ఇంగ్లండులో టామ్ ఫిన్నీ అనే గొప్ప ఆటగాడు జీవితమంతా ప్రెస్టన్ క్లబ్బుకే ఆడాడు. విశ్వాసానికి మారుపేరుగా ఇప్పటికీ ఆయన్నే చూపిస్తారు. 1952లో ఇటలీ నుంచి పలెర్మో క్లబ్బు 10,000 పౌండ్లు, పైన ఇల్లు, కారు ఇస్తామని పిలిచింది. ప్రెస్టన్ యాజమాన్యం పంపనంది, అంతటితో సరి. ఆయన ప్లంబింగ్ పని కూడా చేసుకుంటూ ఆడాడు. అక్కడ ఆటగాడి జీతానికి చట్రం బిగించి ఉండేది. 1961లో ఎత్తేసేనాటికి వారానికి 20 పౌండ్లు మించరాదు. ఒప్పందం ముగిసినా క్లబ్బు వదలకపోతే ఇంకో చోటికి పోవడం కుదిరేది కాదు. కట్టేసి ఉంచి, ఎంత ప్రేమో చూడండి అనడం ఏం న్యాయం?

ఆ ముడి విప్పింది బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్. 1990లో లీజ్ క్లబ్బుతో ఒప్పందం ముగిసింది. ఫ్రాన్సులోని డంకర్క్ క్లబ్బుకు పోతానంటే పాత క్లబ్బు డబ్బడిగింది, పోనివ్వలేదు, ఉన్న జీతంలో కోత పెట్టింది. అతను కోర్టుకెక్కాడు. 1995 డిసెంబరులో యూరప్ అత్యున్నత న్యాయస్థానం, గడువు ముగిసిన ఆటగాడు స్వేచ్ఛగా వెళ్ళొచ్చని తీర్పిచ్చింది. ఈనాడు కోట్లు తీసుకునే ప్రతివాడూ ఆ తీర్పు ఫలం తిన్నవాడే. బోస్మన్ మాత్రం మద్యానికి, డిప్రెషన్‌కు చిక్కి సర్కారు సాయం మీద బతికిన రోజులున్నాయి.

రైతు ముక్కకు ఎక్కువ చెప్పను. 2025 సీజన్లో మన తోతాపురి మామిడి ధర కుప్పకూలినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, తాము 4 కలుపుతామని ప్రభుత్వం అంది. బంగారుపాళ్యం యార్డు ముందు ట్రాక్టరు ఆపుకుని కూర్చున్నవాడికి ఆ లెక్కలో ఎక్కడా ఫుట్‌బాల్ ఆటగాడు అడ్డం రాలేదు. అడగాల్సినవాళ్ళు దగ్గర్లోనే ఉన్నారు.

ఇక అసలు మాట: తీసుకున్నాడు కాబట్టి పడాలి. ఆట బాగాలేదంటే పడాల్సిందే, కాదనేవాడు లేడు. 2018 జూన్‌లో ముంబయిలో చైనీస్ తైపీని మన జట్టు 5-0తో ఓడిస్తే చూడ్డానికొచ్చింది 2,569 మంది. హ్యాట్రిక్ కొట్టిన సునీల్ ఛెత్రీ మర్నాడు వీడియో పెట్టి, మమ్మల్ని విమర్శించండి, తిట్టండి, కానీ స్టేడియానికి రండి అని వేడుకున్నాడు. తిట్టండని తనే అన్నాడు కదా అని కొందరు ఆ వీడియోనూ సాక్ష్యంగా తెస్తున్నారు. అన్నాడు నిజమే, కానీ అతను పిలిచింది మైదానానికి. టికెట్టు కొని, ఆట చూసి, పాస్ తప్పిందని అరిస్తే అది ప్రేక్షకుడి హక్కు.

2021 జులై 11న యూరో కప్పు ఫైనల్లో ఇంగ్లండు ఆటగాళ్ళు రాష్‌ఫోర్డ్, సాంచో, సాకా పెనాల్టీలు తప్పారు. సాకా వయసు 19, మన దగ్గరైతే డిగ్రీ రెండో ఏడాది పిల్లాడు. ఆ రాత్రి ముగ్గురి మీదా వచ్చిపడిన సందేశాల్లో ఆట మీద విమర్శ కన్నా చర్మం రంగు మీద బూతులే ఎక్కువ కనిపించాయి. వాటిలో కొన్ని కేసుల దాకా పోయాయి. కొలంబియా డిఫెండర్ ఆంద్రేస్ ఎస్కోబార్ 1994 ప్రపంచకప్పులో అమెరికా మీద పొరపాటున సొంత గోలు కొట్టాడు. పది రోజులకు మెడెలిన్‌లో కాల్చి చంపారు. ఎంత జీతానికి ఏ మేరకు పడాలో ఫార్వర్డు రాసినాయనే రేటు చెప్పాలి.

డబ్బు మీద నిఘా వద్దని నేను అనడం లేదు, గట్టిగానే ఉండాలి. మెస్సీకి 2016లో పన్ను ఎగవేత కేసులో 21 నెలల శిక్ష పడింది, జైలుకు పోలేదు. రొనాల్డోకు 2019లో 23 నెలలు, అదీ జైలు లేకుండానే, దాంతోపాటు దాదాపు 1 కోటి 88 లక్షల యూరోల జరిమానా. మెస్సీకి శిక్ష పడ్డ వారంలోనే అభిమానులంతా అండగా నిలవండని బార్సిలోనా క్లబ్బు ప్రచారం నడిపింది. పెనాల్టీ తప్పితే బూతులు, పన్ను తప్పితే పూలదండ. ఫార్వర్డులో పన్ను ఊసే లేదు.

ఇంకొకటి. ఇదే మెసేజీ మరో గ్రూపులో కొత్త తోకతో వచ్చింది: మీ పిల్లాడికీ ఈ కోట్లు కావాలా, పదహారేళ్ళకే యూరప్ క్లబ్బు, ట్రయల్స్‌కు ముందుగా ఫీజు కట్టండి, కింద ఫోన్ నంబరు. కట్టకండి. కొద్ది మినహాయింపులు తప్ప, 18 నిండనివాళ్ళను విదేశీ క్లబ్బుకు బదిలీ చేయడం ఫిఫా నిబంధనలు ఒప్పుకోవు. ఏజెంటునని చెప్పుకునేవాడికి లైసెన్సుందో లేదో ఫిఫా వెబ్‌సైటులో పేరు కొట్టి చూడొచ్చు.