పాటలోని మనుషులను ఏరివేయు విధానం

ఓరుగల్లు నుంచి మంచిర్యాల దాకా పాటను ప్రేమించని మనిషి లేడు. బారాత్‌లో అయినా, సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుండం దగ్గరయినా, రెండేండ్లకోసారి మేడారం పోయే ట్రాక్టర్ మీదయినా పాట లేనిదే కాలు కదలదు. నచ్చిన పాటను తెల్లారకముందే ఊరందరికీ పంపించే దాతృత్వం కూడా మనకే చెల్లింది. ఇంత ప్రేమకు ఒక్కటే అడ్డంకి. పాట లోపల మనుషులు ఉంటారు. డప్పు కొట్టినవాడు, ఎత్తుకున్న గొంతు, అందుకున్న అమ్మలు, మైకు సర్దినవాడు. వీళ్లంతా వినబడితే పాట మనది అనిపించదు. అందుచేత పంచుకునే లోపు వాళ్లను ఏరివేయడం అవసరం. ఈ విద్యలో మన ప్రాంతం సాధించిన ప్రావీణ్యాన్ని ఎవరూ పద్ధతిగా రాసిపెట్టకపోవడం విచారకరం. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

మొదట పోవాల్సింది డప్పు కళాకారుడు. అతనితో వచ్చే చిక్కులు అన్నీ ఇన్నీ కావు. తోలు మంట దగ్గర కాగి బిగుసుకుంటేనే డప్పు పలుకుతుంది. ముసురు పట్టిన రోజున కాసేపటికే మళ్లీ సడలిపోతుంది. స్టూడియోలో మంట పెట్టనియ్యరు. కుడిచేతి సిర్రది బరువైన దెబ్బ, ఎడమచేతి సిటికెన పుల్లది సన్నని చిటపట. రెండింటినీ పట్టాలని డప్పుకు ముందొకటి, వెనకొకటి మైకు పెడితే ఇంకో తంటా. దెబ్బ పడ్డప్పుడు తోలు ఒక మైకు వైపు వస్తూ, ఇంకో మైకుకు దూరం జరుగుతుంది. వెనక మైకు పోలారిటీని, అంటే అలల దిశను, తిప్పడం మరిచిపోతే రెండూ కలిపినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుని దెబ్బ పలచబడుతుంది. పైగా మనిషి కదా, చరణం చివర ఊపు వచ్చి వేగం పెంచుతాడు.

ఇన్ని బాధలకు మందు తీన్మార్ లూప్. ఎవరో, ఎప్పుడో, ఎక్కడో కొట్టిన దరువులోంచి మళ్లీ మళ్లీ తిప్పుకోవడానికి కత్తిరించిన నాలుగు తాళం చుట్ల ముక్క. దాన్ని ఎన్ని పాటల కిందనైనా పరచవచ్చు. లూప్ వేగం నిమిషానికి 130 బీట్లు, పాట వేగం 100 అయితే సాగదీస్తారు. సాగదీస్తే సిర్ర దెబ్బ మొన చెదిరి, ఒక్క దెబ్బ రెండుగా తడబడుతుంది. ఆ తడబాటును కప్పడానికి మీద కిక్, అంటే కంప్యూటర్ డ్రమ్ము బరువు దెబ్బ, వేస్తారు. కిక్ పడ్డాక లూప్ ఎలాగూ వినబడదు. అయినా తీసెయ్యరు, మన సంస్కృతిని మనమే కాపాడుకోవాలి గదా!

తర్వాత గొంతు. రికార్డింగ్ గది గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించడం ఆనవాయితీ. అవి సన్నని స్వరాల ప్రతిధ్వనిని ఏదో కొంత మింగుతాయి, రోడ్డు మీది లారీ హారన్‌ను మాత్రం సాదరంగా లోపలికి ఆహ్వానిస్తాయి. పాడేవారి వెనక, పక్కన దళసరి బొంతలు వేలాడదీస్తే గదిమోత చాలా తగ్గుతుంది. కానీ బొంతల ముందు దిగిన ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో ఏం బాగుంటుంది? ఇక మైకుకు జానెడు దూరంలో నిలబడి పాడాలి. మరీ మూతి ఆనిస్తే కింది స్వరాలు ఉబ్బి మాట ముద్దయిపోతుంది. నాట్లేసే మడిలో పాడి రాటుదేలిన గొంతు ఎత్తుకోగానే మీటరు ఎర్రబడుతుంది. రికార్డింగ్‌లోనే క్లిప్ అయిన, అంటే హద్దు దాటి అలల కొసలు తెగిపోయిన గొంతును ఏ సాఫ్ట్‌వేర్ ప్లగిన్ కూడా పూర్తిగా బాగుచేయలేదు. అతి గట్టి పలుకు కూడా మీటరు మీద మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (మైకు సిగ్నల్‌ను పెంచే మోతాదు) తగ్గించుకుని, 24 బిట్‌లో తీస్తే సరిపోతుంది. అట్లా తీస్తే తెర మీద అలలు సన్నగా కనబడతాయి. వెనక నిలబడ్డ నిర్మాత "సౌండేదన్నా?" అంటాడు. గెయిన్ మళ్లీ పైకి పోతుంది.

ఆపైన ఆటో-ట్యూన్. తప్పిన శ్రుతిని సరిచేసే, 1997లో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌ను నెమ్మదిగా వాడితే, ఎక్కడ వాడారో కూడా తెలియదు. అందుకే మనవాళ్లు రీట్యూన్ స్పీడును సున్నాకు, అంటే తక్షణ సవరణకు, దించుతారు. అప్పుడు గొంతు జారడం మానేసి, స్వరం నుంచి స్వరానికి టపటపా దూకుతుంది. ‘ఉయ్యాలో’ అనేచోట పరకాల గొంతు ఒక తీరు జారుతుంది, జగిత్యాల గొంతు ఇంకో తీరు. ఆ జారుడు మొత్తం తప్పుల కింద లెక్క తేలి, ఉత్తర తెలంగాణ ఒక్క గొంతుగా ఐక్యమవుతుంది. ఇంతటి సమైక్యతను ఏ ఉద్యమమూ సాధించలేదు.

అందుకునే అమ్మల సంగతి సులువు. వాళ్లను పిలిస్తే ఆటో కిరాయి, చాయ్, కూలి. పిలవకుండా ఒకే గొంతును నాలుగు ట్రాకుల్లో అతికిస్తే అది కోరస్ కాదు, అదే గొంతు గట్టిగా మోగుతుంది. కోరస్ అనిపించేది గొంతుకూ గొంతుకూ ఉన్న తేడానే. తేడా లేదు కాబట్టి ఒక ట్రాకును ఎడమకు, ఒకదాన్ని కుడికి తోసి, ఒకదాని అలలను తిరగేసి వెడల్పు చేస్తారు. ఇయర్‌ఫోన్లలో అద్భుతం! బారాత్ బండి మీద ఎడమా కుడీ కలిపి మోనోగా వాయిస్తారు, తిరగేసిన అలలు కొట్టుకుపోతాయి, లేని అమ్మలు రెండోసారి మాయమవుతారు.

పేర్లు తీసెయ్యడానికి సాంకేతిక జ్ఞానం అక్కర్లేదు. ముసలమ్మ నోట పుట్టిన పాట కింద ‘రచన’ అని ఛానెల్ యజమాని పేరు పెడితే చాలు. మొహమాటం ఉన్నవాళ్లు ‘సేకరణ’ అంటారు. కాపీరైట్ చట్టం లెక్కన వాద్యం వాయించినవాడు కూడా ప్రదర్శకుడే. 2012 సవరణ తర్వాత పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రావాల్సిన రాయల్టీ వాటాను సంతకం పెట్టించుకుని కూడా లాక్కోలేరు. ఈ ముచ్చట స్టూడియోలో ఎత్తడం మర్యాద కాదు.

విడుదలకు ముందు చేసే తుది మెరుగు, మాస్టరింగ్‌లో మిగిలిన ప్రాణం తీస్తారు. పక్క ఛానెల్ కంటే గట్టిగా మోగాలని పాటను మైనస్ 6 లఫ్స్ (గట్టితనాన్ని కొలిచే లెక్క) దాకా అణగదొక్కుతారు. యూట్యూబ్ దాన్ని మైనస్ 14కు దించి వినిపిస్తుంది. గట్టితనం పోయె, అణిగిన దెబ్బ అణిగే ఉండె.

ఇక డీజే బండి. రెండింతల వాట్లు పెడితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. డీజేకు ఈ లెక్క నచ్చదు. యాంప్లిఫయర్ మీది ఎర్ర లైటును అతను అలంకారం అనుకుంటాడు. క్లిప్ అయిన సిగ్నల్‌లో పై స్వరాల శక్తి పెరిగి ముందుగా కాలిపోయేది సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకరు, ట్వీటరే. సిటికెన పుల్ల చిటపట ఏమైనా మిగిలి ఉంటే అక్కడ పోతుంది. ఆసుపత్రి చుట్టూ కనీసం వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని 2000 నాటి నిబంధనలున్నాయి. బండి వాటిని చదవలేదు.

ఇంత జరిగినా పాట చావకపోతే, మోగుతున్న స్పీకరు ముందు ఇంకో ఫోను పట్టి, వాయిస్ మెసేజ్‌గా పంపాలి. అది మాటల కోసం చేసిన కుదింపు, సంగీతం కోసం కాదు. అవతలి ఫోను బుల్లి స్పీకరులో 300 హెర్ట్జ్ కింద పెద్దగా ఏమీ పలకదు గనుక, డప్పును కప్పిన ఆ కిక్ కూడా పోతుంది.

జాగ్రత్త పడాల్సింది ఒక్క దగ్గరే. కొందరు మొండివాళ్లు నాలుగు నిమిషాల పాటను కుదించని 24 బిట్ వేవ్ ఫైలుగా, దాదాపు 70 ఎంబీ, వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపుతున్నారు. అట్లా పంపితే ఏ కుదింపూ లేకుండా ఉన్నదున్నట్టు చేరుతుంది. అందుకున్నవాడు వైరున్న ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే రెండో చరణం దగ్గర సిటికెన పుల్ల వినబడి, "ఎవల్రా కొట్టింది?" అని అడుగుతాడు. అడిగితే పేరు చెప్పాలి. పేరు చెబితే నంబరు అడుగుతాడు. నంబరు ఇస్తే వచ్చే పెండ్లికి ఆ మనుషులనే పిలుస్తాడు. మరి డీజే బండికి ఇచ్చిన అడ్వాన్సు ఎవలు వాపస్ ఇస్తరు?