మహారాజశ్రీ డమ్మీ బటన్ గారికి

మహారాజశ్రీ డమ్మీ బటన్ గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ డల్లాస్‌లో మేమంతా క్షేమం, అంటే ఏసీ ఉన్న చోటల్లా క్షేమం. మీరు నా 1990 మాజ్డా మియాటా (పై కప్పు తెరుచుకునే చిన్న జపాన్ కారు) డాష్‌బోర్డు మీద, హీటర్ మీటల పక్కన, క్షేమంగానే ఉన్నారని రోజూ చూస్తూనే ఉన్నాను.

ఇక గారూ, మీరూ అనడం ఇంతటితో ఆపేస్తాను. బొటనవేలి గోరంత నల్ల ప్లాస్టిక్ ముక్కవి, నీకు మర్యాదేంటి?

నువ్వంటే తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం ఒక ముక్క. కారు కంపెనీవాడు డాష్‌బోర్డుకి ఒకటే అచ్చు పోస్తాడు. డబ్బు పెట్టినవాడికి ఆ కన్నంలో ఏసీ బటన్ వస్తుంది, పెట్టనివాడికి అదే కన్నంలో నువ్వు వస్తావు. నొక్కితే దిగవు, రాత్రి వెలగవు, నీకు ఒక్క తీగ కూడా తగిలించి ఉండదు. నీ ఉద్యోగమల్లా ఒకటే: ఇక్కడ ఒకటి ఉండాలి, నీకు లేదు అని గుర్తుచేయడం. కన్నం పూడ్చెయ్యకుండా మూత పెట్టి వదిలాడు చూడు, అక్కడే ఉంది వాడి తెలివంతా.

మనది పాత పరిచయమే. బెజవాడలో మా నాన్న కొన్న మారుతి 800 స్టాండర్డ్ మోడల్. మా మావయ్య కొన్నది ఏసీ మోడల్. మే నెలలో మేము కిటికీకి తడి తువ్వాలు కట్టుకుని తిరుగుతుంటే మావయ్య వాళ్లు అద్దాలు బిగించుకుని పోయేవాళ్లు. ఒకసారి అందరం మావయ్య కారులో శ్రీశైలం బయల్దేరాం. ఘాట్ రోడ్డు మొదలవ్వగానే మావయ్య చెయ్యి దానంతటదే వెళ్లి ఏసీ ఆపేసింది, ఎందుకంటే ఆ 796 సీసీ ఇంజన్ మమ్మల్నీ పులిహోర డబ్బాల్నీ ఏసీనీ కలిపి కొండ మీదికి లాగలేదు. వెనక సీట్లోంచి మా నాన్న, "అయితే ఇప్పుడు నీదీ స్టాండర్డే బావా" అన్నాడు. ఆ ట్రిప్పులో ఆయన మొహం వెలిగింది ఆ ఒక్క నిమిషమే.

సరే, ఇప్పటి సంగతికొద్దాం, అంటే ఈ మియాటాకి. కనురెప్పల్లా లేచే హెడ్‌లైట్లు, రెండే సీట్లు, 1.6 లీటర్ల ఇంజన్, 116 హార్స్ పవర్, వెయ్యి కేజీలు కూడా తూగని ఒళ్లు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో దీన్ని చూపించినప్పుడు బేస్ ధర 13,800 డాలర్లు. తోషిహికో హిరాయ్ అనే ఇంజనీరు, ఆయన బృందం దీన్ని చేసేటప్పుడు పెట్టుకున్న మాట జిన్బా ఇత్తై, అంటే గుర్రం, రౌతు వేరుగా ఉండకూడదని. చాలా గొప్ప మాట. అయితే ఆ గుర్రానికి ఏసీ కావాలంటే విడిగా డబ్బు కట్టాలి, పవర్ స్టీరింగ్ కావాలన్నా, పవర్ కిటికీలు కావాలన్నా, క్రూజ్ కంట్రోల్ కావాలన్నా, పైన పెట్టుకునే గట్టి టాప్ కావాలన్నా అంతే. నా బండి మొదటి ఓనరు మిన్నెసోటాలో, సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉండే డులూత్ మనిషి. కాగితాల్లో ఆప్షన్ల దగ్గర అన్నీ ఖాళీ. ఆ చలిలో ఏసీకి దండగెందుకని అనుకున్నాడు, తప్పు పట్టలేం. దాదాపు 800 డాలర్లు మిగుల్చుకున్నాడు. ఆ మిగుల్చుకున్నదానికి ముప్ఫై ఏళ్లు దాటాక వడ్డీతో సహా బిల్లు కడుతున్నది నేను, టెక్సాస్‌లో, జూలైలో, నల్లటి టాప్ కింద.

మొదట ఒక మెకానిక్ దగ్గరకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తాడు, నీ వైపు చూశాడు, నా వైపు చూశాడు, "ఏసీ ఉన్న ఇంకో మియాటా కొనుక్కుని దీన్ని అమ్మెయ్, చవగ్గా అయిపోతుంది" అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో నేను విన్న నిజం ఇదొక్కటే. విన్నాను, థాంక్స్ చెప్పాను, ఇంటికొచ్చి పానాల సెట్టు ఆర్డర్ పెట్టాను.

ఏసీ అంటే బటన్ అనుకున్నాను, డమ్మీ! నిన్ను పీకి అసలుదాన్ని పెడితే అయిపోతుందని. నువ్వు పూడ్చింది ఒక్క కన్నం కాదని గ్లవ్ బాక్స్ విప్పాక తెలిసింది. దాని వెనకాల, గాలి తోసే ఫ్యాన్‌కీ హీటర్ పెట్టెకీ మధ్య కూలింగ్ కాయిల్ ఉండాలి. ఆ చోట ఒక బోలు ప్లాస్టిక్ గొట్టం పెట్టి పంపారు, లోపల ఏమీ లేదు, గాలి ఇటు దూరి అటు పోవడమే. అది నీ పెద్దన్న. రేడియేటర్ ముందు కండెన్సర్, అంటే గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ, ఉండాల్సిన చోటు ఖాళీ. రెండో ఫ్యాన్ ఉండాల్సిన చోటూ ఖాళీయే. వైర్లు మాత్రం ఉన్నాయి, వాటి కనెక్టర్లు టేపు చుట్టుకుని ఓ మూల పడున్నాయి. అంటే తీగ వేశాడు, కన్నం పెట్టాడు, సరుకు ఒక్కటే ఇవ్వలేదు.

సామాను కోసం మనమే విప్పుకుని తెచ్చుకునే పాత కార్ల యార్డుకి వెళ్లాను. వెనక గుద్దించుకున్న మియాటా ఒకటి దొరికింది, దానికి అన్నీ ఉన్నాయి. దాని కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) విప్పుతుంటే ఒక తిరకాసు బయటపడింది. అందులో కంప్రెసర్‌నీ పవర్ స్టీరింగ్ పంపునీ తిప్పేది ఒకే బెల్టు, ఆ బెల్టు బిగించడానికి జరపాల్సింది పంపుని. నా బండికి పవర్ స్టీరింగ్ లేదు, కాబట్టి పంపు లేదు, కాబట్టి బిగించే మార్గం లేదు! ఏసీ తీసుకుని పవర్ స్టీరింగ్ వద్దన్నవాళ్ల కోసం ఒక చిన్న చక్రం విడిగా ఉండేదట, అది వెతికి తెప్పించేసరికి మూడు వారాలు. ఆప్షన్లు ఒంటరిగా రావని, చుట్టాల్ని వెంటేసుకుని వస్తాయని అప్పుడర్థమైంది.

తర్వాత గ్యాస్. 1990లో కార్ల ఏసీల్లో వాడింది ఆర్-12, ఓజోన్ పొరని తినేదదే. 1987 మాంట్రియల్ ఒప్పందం పుణ్యమా అని 1995 ఆఖరుకి అమెరికాలో దాని తయారీ ఆగిపోయింది, ఆలోపే కార్ల కంపెనీలు ఆర్-134ఏకి మారిపోయాయి. మనం కూడా మారితే పోలా అంటే, పాత వ్యవస్థలోని ఆయిల్ కొత్త గ్యాస్‌లో కలవదు, కలవకపోతే తిరిగి కంప్రెసర్‌కి చేరదు, చేరకపోతే కంప్రెసర్ పట్టేస్తుంది. అందుకని పాత ఆయిల్ మొత్తం కడిగి, రబ్బరు రింగులన్నీ మార్చి, తడి పీల్చే డబ్బా, డ్రయర్ మాత్రం కొత్తది వేసి (యార్డులో నోరు తెరుచుకుని పడున్న డ్రయర్ ఎప్పుడో గాలిలోని తడంతా తాగేసి ఉంటుంది), వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలీ తడీ లాగేశాను. ఒత్తిడి అంత తగ్గితే లోపలున్న నీటి చుక్క మామూలు వేడికే మరిగి ఆవిరైపోతుంది. ఆ ముప్పావుగంటా గ్యారేజీలో స్టూలు మీద కూర్చుని, కదలని ముల్లు వైపు చూస్తూ, ఫిజిక్స్ మాస్టారు ఇదే పాఠం చెప్పినప్పుడు నేను ఏ బెంచీ మీద నిద్రపోయానో గుర్తుచేసుకున్నాను. పంపు ఆపాక ముల్లు మెల్లగా వెనక్కి జారింది. ఎక్కడో లీకు. రెండు రోజులు వెతికితే, నేనే మార్చడం మర్చిపోయిన ఒక్క రింగు.

ఈ మధ్యలో నాకు పరిచయమైన మియాటా మనుషుల సంగతి నీకు చెప్పి తీరాలి. సగం మంది నాలాగే లేనివి తగిలిస్తున్నారు. మిగతా సగం మంది ఉన్నవి పీకేస్తున్నారు! పవర్ స్టీరింగ్ తీసేస్తే రోడ్డు చేతికి తెలుస్తుందట, ఏసీ తీసేస్తే బరువు తగ్గుతుందట. నేను కండెన్సర్ కొన్నది అలాంటి ఒకాయన దగ్గరే, యార్డుదాని రెక్కలన్నీ వంగిపోయి ఉంటే. ఆయన బండి తేలికైందని ఆయన సంతోషం, నా బండి బరువెక్కుతోందని నా సంతోషం. దీనికి పై మెట్టు ఖరీదైన కార్లు చేసే పోర్షే కంపెనీ. 2016లో 911 ఆర్ అనే కారు తీసి, బరువు తగ్గించామని ఏసీ, రేడియో లేకుండా అమ్మింది. కావాలన్నవాళ్లు పెట్టించుకోవచ్చన్నారు, వాటికి డబ్బు తీసుకోలేదు. కోటీశ్వరుడికి ఏసీ ఊరికే ఇస్తామంటే వద్దనడం గొప్ప, మా నాన్నకి లేకపోవడం స్టాండర్డ్. రెండు చోట్లా చెమట ఒకటే.

సరే, ఏసీ పూర్తయ్యింది నవంబర్ మొదటి వారంలో. నిన్ను చిన్న స్క్రూడ్రైవర్‌తో లేపి, నీ చోట అసలు బటన్ పెట్టి నొక్కాను. దాని లైటు వెలిగింది, బానెట్ కింద టక్ మంది, ఇంజన్ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి మళ్లీ తేరుకుంది, చల్లగాలి వచ్చింది. పరిగెత్తుకెళ్లి మా ఆవిణ్ని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. రెండు నిమిషాలు కూర్చుని, "చలిగా ఉందండీ, హీటర్ వెయ్యండి" అంది. హీటర్ మొదట్నుంచీ ఉందిలే, ఫ్యాక్టరీదే. ఇంకో సంగతి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజన్ కంప్యూటరు కంప్రెసర్‌ని తనే ఆపేస్తుందట. శ్రీశైలం ఘాట్‌లో మావయ్య చేసిన పనినే హిరోషిమాలోని మాజ్డా వాళ్లు కంప్యూటర్‌కి నేర్పారు.

నీకీ ఉత్తరం రాయడానికి అసలు కారణం నిన్నటి ఆదివారం. పాత బండ్లవాళ్లంతా కలిసే చోటికి వెళ్తే, ఒక పెద్దాయన నా డాష్‌బోర్డులోకి వంగి చూసి తల పట్టుకున్నాడు. "ఒక్క ఆప్షన్ కూడా లేని 1990 బండా? ఎవరూ చెయ్యి పెట్టని బండి దొరకడం ఎంత కష్టమో తెలుసా? పాడు చేశావు కదయ్యా!" తర్వాత గొంతు తగ్గించి, తను ఏసీ పీకేసిన తన బండి డాష్‌బోర్డులో కన్నం అలాగే ఉండిపోయిందని చెప్పి, "ఆ మూత పారేశావా, ఉందా? నలభై డాలర్లిస్తాను" అన్నాడు.

ఆష్‌ట్రేలోనే ఉన్నావు, ఆయనకి వినపడేలా గలగలమన్నావు కూడా. యాభై అన్నాడు. లేదని అబద్ధం చెప్పి వచ్చేశాను.

ఇట్లు,
బేస్ మోడల్ వాడు
డల్లాస్