‘జారి పడింది’ అని రాసేసే ముందు

గృహ హింస మీద చర్చ ఎప్పుడొచ్చినా పోలీసుల దగ్గర మొదలై కోర్టు వాయిదాల దగ్గర ఆగిపోతుంది. ఆసుపత్రి ఊసే రాదు. దెబ్బలు తిన్న మనిషి ముందు వెళ్లేది మాత్రం అక్కడికే. స్టేషన్ మెట్లెక్కితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. పుట్టింటికి వెళ్తే పెద్దమనుషులు కూర్చుని సర్దుకుపొమ్మంటారు. ‘ఒంట్లో బాగోలేదు, డాక్టర్ దగ్గరికి వెళ్లొస్తా’ అంటే మాత్రం అడ్డుకునేవాళ్లు తక్కువ. అందుకే సూటిగా చెబుతున్నా: గృహ హింసను మొదట గుర్తించాల్సింది ఎస్సై కాదు, డాక్టరు.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కలు చాలామందికి తెలిసినవే. 18 నుంచి 49 ఏళ్ల వివాహితల్లో భర్త చేతిలో హింసకు గురైనవారు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశ సగటు 29.3. నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే అంకె. దేశం మొత్తం మీద బాధితుల్లో 77 శాతం మంది ఎవరి సాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పుకోనూ లేదు. పైగా ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం తప్పు కాదని మన రెండు రాష్ట్రాల్లో 80 శాతానికి పైగా మహిళలే అన్నారు. ఇలాంటి చోట ఆమె నోరు విప్పి అడిగేదాకా ఆగుదామనే వ్యవస్థ ఎవరికి పనికొస్తుంది?

చట్టంలోని తిరకాసు కూడా ఇక్కడే ఉంది. 2005 గృహ హింస చట్టం ఏడో సెక్షన్ ప్రకారం బాధితురాలు గానీ, ఆమె తరఫున రక్షణ అధికారి (ఈ చట్టం అమలుకు ప్రభుత్వం నియమించే అధికారి) గానీ కోరితే ఆసుపత్రి వైద్యం చేసి తీరాలి. 2006 నాటి నిబంధనల్లో 17వది ఇంకో అడుగు ముందుకు వేసింది. ముందుగా గృహ హింస నివేదిక లేదన్న సాకుతో వైద్యం నిరాకరించకూడదు. అది లేకపోతే ఆసుపత్రి బాధ్యుడే ఆ నివేదిక పత్రమైన ఫారం-1 నింపి రక్షణ అధికారికి పంపాలి. పరీక్ష నివేదిక కాపీ ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఇవన్నీ ‘కోరితే’ అన్న మాటతో మొదలవుతాయి. ‘బాత్రూంలో జారి పడ్డానండీ’ అన్న మహిళ ఏమీ కోరనట్టే లెక్క. డాక్టరు ఒక్క ప్రశ్న అడిగితేనే చట్టంలో కదలిక వస్తుంది. ఆ ప్రశ్న అడగాలని మాత్రం చట్టంలో ఎక్కడా లేదు.

ఆ ప్రశ్న అడగడానికి కావలసిన చదువు డాక్టర్లకు ఉంది. కమిలిన చోటు మొదట ఎర్రగా, తర్వాత నీలంగా, ఆపైన ఆకుపచ్చగా, చివరికి పసుపుగా మారుతుందని ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థీ చదువుతాడు. ఒకే వీపు మీద నీలం మచ్చా పసుపు మచ్చా పక్కపక్కన ఉంటే అవి ఒక్కరోజు దెబ్బలు కాకపోవచ్చని అనుమానించాలి. దెబ్బ కాచుకోవడానికి చేతులు అడ్డం పెడితే ముంజేతి బయటివైపు గాయాలవుతాయనీ పాఠంలో ఉంది. పోస్ట్‌మార్టం బల్ల మీద శవానికి ఇంత శ్రద్ధగా వాడే ఈ విద్య, ఎదురుగా బతికున్న మనిషి కూర్చుంటే ఏమైపోతుంది?

కేస్ షీట్‌లో డాక్టరు రాసే ఆ ఒక్క వాక్యమే తర్వాత కేసును నిలబెడుతుంది, లేదా పడగొడుతుంది. ఎవరు కొట్టారు, దేనితో, ఎప్పుడు అన్నది ఆమె మాటల్లోనే రాసి, గాయాల కొలతలు, రంగు, తేదీ వేస్తే చాలు. నిజానిజాలు తేల్చే పని కోర్టుది. రెండేళ్ల తర్వాత రక్షణ ఉత్తర్వు కోసమో, ఇంట్లో ఉండే హక్కు కోసమో ఆమె మెజిస్ట్రేట్ ముందు నిలబడితే అవతలి లాయరు తీసేది ఆనాటి చీటీనే. ‘జారి పడ్డానని ఆ రోజు మీరే చెప్పారు కదమ్మా?’ అంటాడు. దానికి ఆమె దగ్గర జవాబు ఉండదు.

డాక్టర్ల గోడు అబద్ధం కాదు. ఓపీ రద్దీలో ఒక్కొక్కరికి దక్కేది రెండు నిమిషాలు. కోర్టు సమన్లు వస్తే ఒక రోజు పోతుంది. క్యాజువాలిటీలో బంధువుల చేతుల్లో దెబ్బలు తింటున్నది కూడా వాళ్లే. వచ్చిన ప్రతి మహిళనూ ఆరా తీయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పడం లేదు. నిజమే, అందరినీ అడగక్కర్లేదు. చెప్పిన కథకూ కనిపించే గాయానికీ పొంతన లేనప్పుడు అడగాలి. దానికి రెండు నిమిషాలు సరిపోతాయి.

ముంబై బాంద్రాలోని భాభా మున్సిపల్ ఆసుపత్రిలో 2000 ప్రాంతంలో మొదలైన ‘దిలాసా’ అనే సహాయ కేంద్రం దీన్ని చేసి చూపించింది. నర్సులకూ డాక్టర్లకూ శిక్షణ ఇచ్చారు. అనుమానం వచ్చిన మహిళను అదే ఆవరణలోని కౌన్సెలర్ గదికి పంపుతారు. మందుల కోసం వచ్చినట్టే వచ్చి, మాట్లాడి వెళ్లిపోవచ్చు. తర్వాత మరికొన్ని ముంబై ఆసుపత్రులకూ ఇది విస్తరించింది. హింసకు గురైన మహిళలకు సాయమంతా ఒకేచోట అందించే ప్రభుత్వ సఖి కేంద్రాలు కూడా ఆసుపత్రి ఆవరణలో గానీ, రెండు కిలోమీటర్ల లోపు గానీ ఉండాలని పథకం మార్గదర్శకాలే చెబుతున్నాయి. ప్రతి నెలా 9న గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు చేస్తున్నారు. ఆ వరుసలో నిలబడ్డవాళ్లలో ఎందరికి సఖి గురించి, 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు గురించి చెబుతున్నారో ఆరోగ్య శాఖ ఒకసారి ఆరా తీస్తే బాగుండు.

అసలు జబ్బు ఇంకా లోతుగా ఉంది. మన ఆసుపత్రుల్లో పేషెంట్ ఆమే అయినా మాటలన్నీ ఆమె వెంట వచ్చినవాళ్లతోనే నడుస్తాయి. ‘ఏమైందమ్మా’ అని ఆమెను అడిగితే భర్త జవాబు చెబుతాడు, డాక్టరు అదే రాసుకుంటారు. తలుపు తీసే ఉంటుంది, వెనక నలుగురు నిలబడి వింటుంటారు. కార్పొరేట్ ఆసుపత్రిలో ఏసీ ఉండొచ్చు, అక్కడా అత్తగారు పక్క కుర్చీలోనే ఉంటారు. ఆడమనిషి తన ఒంటి గురించి ఒంటరిగా మాట్లాడగలదన్న ఊహే మన వైద్యానికి లేదు. పద్దెనిమిదేళ్లు నిండిన మహిళ చట్టబద్ధంగా అబార్షన్ చేయించుకోవడానికి ఆమె అనుమతి ఒక్కటే చాలు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కూ భర్త సమ్మతి అక్కర్లేదని కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల్లోనే ఉంది. అయినా ‘మీ ఆయన సంతకం తెచ్చావా’ అని అడిగే కౌంటర్లు ఊరూరా ఉన్నాయి. వాతలు పెట్టిన చెయ్యి ఎవరిదో, ఆ సంతకం పెట్టే చెయ్యి ఎవరిదో డాక్టరు అడగనంత కాలం ఆ రెండూ ఒకటేనన్న సంగతి బయటికి రాదు.