సవరణ: బ్యాటరీ డ్రెయిన్ కొలిచే ముందు కాసేపు ఆగాలి

కారు ఆపి ఉంచినా బ్యాటరీ ఖాళీ అయిపోతుంటే (దాన్నే డ్రెయిన్ అంటారు), కారు ఆఫ్ చేయగానే బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పి, మధ్యలో మల్టీమీటర్ కలిపి, 50 మిల్లీయాంప్స్ దాటితే డ్రెయిన్ ఉన్నట్టేనని మొన్న రాశాను. అది తప్పు. 50 అన్న అంకె చాలా కార్లకు సరిపోతుంది, కొలిచే సమయమే సరికాదు. సర్వీస్ మాన్యువళ్ల ప్రకారం, ఈకాలం కార్లలో మాడ్యూళ్లు (లైట్లు, లాకుల్లాంటివి నడిపే చిన్న కంప్యూటర్లు) స్లీప్‌లోకి, అంటే కరెంటు దాదాపు వాడని స్థితిలోకి, వెళ్లడానికి 20 నిమిషాల నుంచి గంట దాకా పట్టొచ్చు. అప్పటిదాకా మీటరు యాంపుల్లో చూపించినా టెన్షన్ అక్కర్లేదు.

తలుపు తీస్తే అన్నీ మళ్లీ మేలుకుంటాయి. అందుకే తలుపు తెరిచే ఉంచి, తలుపు అంచున ఉండే లాచ్‌ను (గొళ్లాన్ని) స్క్రూడ్రైవర్‌తో ముందే మూసేయండి, తలుపు వేసే ఉందని కారు అనుకుంటుంది (తర్వాత హ్యాండిల్ లాగి లాచ్ విడిపించాకే తలుపు వేయాలి, మరిచిపోతే అదో కొత్త రిపేరు). డ్రెయిన్ ఏ సర్క్యూట్‌లో ఉందో కనుక్కోవడానికి ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి చూడమని కూడా అన్నాను కదా, తిరిగి పెట్టినప్పుడు కొన్ని మాడ్యూళ్లు లేచి కూర్చుంటాయి. పీకకుండానే ఫ్యూజు పైన కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలవండి. సున్నా కాకపోతే ఆ సర్క్యూట్‌లో కరెంటు పారుతున్నట్టే.